కబడ్డీ తెలిసినవాళ్లు రగ్బీ లీగ్ ఎలా మొదలుపెట్టాలి: వైజాగ్‌లో మొదటి నెల

రగ్బీ అనగానే మనవైపు ఎక్కువమంది అడిగేది ఒకటే, "హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు, అదేనా?" అని. అది కాదండి, అది అమెరికన్ ఫుట్‌బాల్. రగ్బీలో హెల్మెట్ ఉండదు, చేత్తో ముందుకి పాస్ ఇవ్వడం అసలే ఉండదు. ఇంకొంచెం లోపలికి వెళ్తే రగ్బీలోనే రెండు వేర్వేరు ఆటలున్నాయి, ఒకటి యూనియన్, ఇంకోటి లీగ్. మన దేశంలో స్కూళ్లలో, జాతీయ పోటీల్లో కనిపించేది దాదాపు అంతా యూనియనే, అందులోనూ ఏడుగురు ఆడే సెవెన్స్ ఎక్కువ. నేను చెప్పబోయేది పదమూడు మంది ఆడే లీగ్ గురించి. చిన్నప్పుడు వీధిలో చెడుగుడు ఆడి మోకాళ్లు చెక్కుకున్నవాళ్లకి ఇంత తొందరగా ఒంటపట్టే విదేశీ ఆట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు కోచ్ ఉండకపోవచ్చు, క్లబ్ ఉండకపోవచ్చు. ఎనిమిది మంది స్నేహితులు, ఒక బంతి, నెల రోజులు ఓపిక ఉంటే చాలు. కింద చెప్పిన వరస మాత్రం మార్చకండి, ముఖ్యంగా ట్యాకిల్‌ని, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టుకుని పడేయడాన్ని, ముందుకు లాక్కోకండి. ఎందుకో అక్కడికి వచ్చాక చెబుతాను.

మొదటి అడుగు: ఆరు లెక్కపెట్టడం నేర్చుకోండి

మైదానంలో దిగకముందు ఒక మ్యాచ్ పూర్తిగా చూడండి. ఆస్ట్రేలియాలో జరిగే ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) మార్చి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా నడుస్తుంది. సిడ్నీలో రాత్రి 7:50కి మొదలయ్యే మ్యాచ్ సీజన్‌లో ఎక్కువ భాగం మనకి మధ్యాహ్నం 3:20కి పడుతుంది, అంటే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ సూపర్ లీగ్ అయితే అర్ధరాత్రి దాటుతుంది, దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

చూసేటప్పుడు స్కోరు, ఆటగాళ్ల పేర్లు అన్నీ పక్కన పెట్టండి. బంతి పట్టుకున్నవాణ్ని ఎన్నోసారి పడేశారో ఒక్కటే లెక్కపెట్టండి. ఒక జట్టు చేతికి బంతి వస్తే వాళ్లకి ఆరు ట్యాకిల్స్ దాకా అవకాశం. పడేసిన ప్రతిసారీ వాడు లేచి, ఎదుటి జట్టు వైపు తిరిగి, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక నిలబడ్డవాడు దాన్ని అందుకుంటాడు, ఆట మళ్లీ నడుస్తుంది. ఆరోసారి పట్టుబడితే బంతి అక్కడికక్కడే అవతలి జట్టుకి ఇచ్చేయాలి. అందుకని అయిదో ట్యాకిల్ అయిపోగానే సాధారణంగా బంతిని దూరంగా తన్నేస్తారు, లేదా గీత దగ్గర్లో ఉంటే తెగించి ఏదో ఒకటి చేస్తారు.

ఇది మనకి కొత్తేం కాదు. ప్రో కబడ్డీలో రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై రైడ్ అవుతుంది కదా, అయిదో ట్యాకిల్ తర్వాత వచ్చే టెన్షన్ సరిగ్గా అదే. అది పట్టుబడిందా, మిగతా ఆట సగం అర్థమైనట్టే.

పాయింట్ల సంగతి చూద్దాం. అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకి అదిమితే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత స్తంభాల మధ్య నుంచి తన్నగలిగితే ఇంకో 2. అవతలివాళ్లు తప్పు చేసినప్పుడు తన్నే పెనాల్టీ గోల్‌కి 2, ఆట నడుస్తుండగా బంతిని నేలకి జార్చి, అది లేస్తుండగా తన్నే డ్రాప్ గోల్‌కి 1. ఎన్‌ఆర్‌ఎల్‌లో మాత్రం ఆ డ్రాప్ గోల్ 40 మీటర్ల అవతలి నుంచి కొడితే 2 ఇస్తారు. మైదానం గీత నుంచి గీతకి 100 మీటర్లు, వెడల్పు 68. ఆట 80 నిమిషాలు, సగానికి 40. ఇంతకన్నా నిబంధనలు మొదట్లో తలకి ఎక్కించుకోవద్దు.

ఈ ఆట ఎందుకిలా ఉందో తెలిస్తే

ఇది అడుగు కాదు, తొందరలో ఉన్నవాళ్లు దాటేయొచ్చు. కానీ నాకు ఈ ఆట మీద ప్రేమ కలిగింది ఈ కథ వల్లే, అందుకని చెప్పకుండా ఉండలేను.

1890ల ఇంగ్లండ్. ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్‌లలో రగ్బీ ఆడేవాళ్లలో చాలామంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం మ్యాచ్‌కి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఇవ్వండి చాలు అని వాళ్ల క్లబ్బులు అడిగాయి. ఆటకి డబ్బు ముట్టకూడదు, అది పెద్దమనుషుల ఆట అని రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. కడుపు నిండినవాడికి ఆ నియమం బాగానే ఉంటుంది. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేసే ఇంట్లో పుట్టినవాళ్లకి, ఒక షిఫ్టు పోగొట్టుకుంటే నెలాఖరున ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. ఆగస్టు 29 మనకి జాతీయ క్రీడా దినోత్సవం కూడా, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. 2025లో ప్రో కబడ్డీ మన వైజాగ్‌లోనే మొదలైంది కూడా ఆ తేదీకే.

విడిపోయాక ఇక టికెట్ కొని వచ్చిన జనాన్ని నిలబెట్టుకోవాలి, అందుకని ఆటని వేగంగా చేసుకుంటూ పోయారు. బంతి గీత బయటికి పోతే అందరూ వరసగా నిలబడి ఎగిరి పట్టుకునే లైన్‌అవుట్‌ని 1897లో తీసేశారు. 1906లో పదిహేను మందిని పదమూడుకి తగ్గించి, పడ్డవాడు లేచి బంతిని వెనక్కి దొర్లించే పద్ధతి తెచ్చారు. ట్యాకిల్స్‌కి లెక్క పెట్టడం 1960ల్లో నాలుగుతో మొదలై 1970ల మొదట్లో ఆరుకి వచ్చింది. అంటే ఇప్పుడు మనం చూసే ప్రతి నిబంధన వెనకా ఒకటే ఆలోచన, కుప్పగా పడి బంతి కనిపించకుండా పోయే సమయం తగ్గాలి, పరుగు పెరగాలి. ఆస్ట్రేలియాలో 1908 నుంచి పోటీలు మొదలయ్యాయి, ఇప్పుడు అసలు బలం అక్కడే. పక్కనే ఉన్న పాపువా న్యూగినీలో అయితే ఇది జాతీయ క్రీడ లాంటిది, ఊరూరా ఆడతారు.

రెండో అడుగు: మనుషులు, బంతి, చోటు

ఎనిమిది మందితో మొదలుపెట్టండి. పన్నెండు వస్తే మంచిది. పాత కబడ్డీ ఆటగాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉండాలి, పట్టు అంటే ఏమిటో వాళ్ల ఒంటికి తెలుసు. ఫుట్‌బాల్ వాళ్లు ఒకరు ఉంటే తన్నే పని వాళ్లు చూసుకుంటారు. ఆడపిల్లలు కూడా రావచ్చు, పడేయకుండా చేత్తో తాకే టచ్ ఆట కలిసి ఆడుకోవచ్చు. పక్కనే ఒడిశాలో అమ్మాయిల రగ్బీ ఎంత బలంగా ఉందో, అక్కడి పిల్లలు జాతీయ జట్టుకి ఎలా ఆడుతున్నారో ఒకసారి వెతికి చూడండి. మనకి రాత్రి రైలెక్కితే పొద్దున్నే భువనేశ్వర్. ఇంత దగ్గరలో ఉన్నదాన్ని మనం పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బంతి 5 సైజుది తీసుకోండి, పన్నెండేళ్లలోపు పిల్లలయితే 4 లేదా 3. జలంధర్‌లో తయారయ్యే రగ్బీ బంతులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. యూనియన్ బంతికీ లీగ్ బంతికీ తేడా కొద్దిగానే ఉంటుంది, లీగ్‌ది కొనలు కాస్త సూదిగా ఉంటాయి. మొదట్లో ఏదైనా ఒకటే. పైన గరుకుగా ఉండాలి, అది మాత్రం చూసుకోండి, ఎందుకంటే వైజాగ్ ఉక్కలో పది నిమిషాలకే చేతులు చెమటతో జారిపోతాయి. నున్నటి బంతి అయితే పట్టుకోవడమే గగనం. అందరికీ ఒక చిన్న తువ్వాలు తెమ్మనండి.

డబ్బు పెట్టాల్సిన రెండో వస్తువు పళ్లకి పెట్టుకునే మౌత్‌గార్డ్. వేణ్నీళ్లలో ముంచి కొరికి ఆకారం తెచ్చుకునేవి చవగ్గానే వస్తాయి. ట్యాకిల్ దాకా వచ్చాక అది లేనివాణ్ని ఆడనివ్వద్దు, ఎంత దగ్గరివాడైనా సరే. బూట్లు ఫుట్‌బాల్‌వి చాలు, ఇసుక మీద అయితే వట్టికాళ్లే మేలు. ఉంగరాలు, మొలతాడుకున్న బిళ్లలు, మెడలో గొలుసులు, చేతి కడియాలు అన్నీ తీసి ఒక సంచిలో వేయాలి.

ఇక చోటు. ఆంధ్రా యూనివర్సిటీ వైపు మైదానాలు, ఎంవీపీ కాలనీలో ఏఎస్ రాజా గ్రౌండ్, మీ పేటలో ఉన్న స్కూలు గ్రౌండ్, ఎక్కడైనా పాసింగ్, టచ్ ఆడుకోవచ్చు, కానీ అనుమతి అడిగి, క్రికెట్ వాళ్లతో గొడవ పడకుండా. మన గ్రౌండ్లలో సమస్య నేల. ఎర్రమట్టి ఎండకి సిమెంటులా బిగుసుకుపోయి మధ్య మధ్య గులకరాళ్లు తేలి ఉంటాయి. దాని మీద ట్యాకిల్ నేర్చుకోవడం అంటే మోచేతుల చర్మం అప్పజెప్పడమే. అదృష్టం ఏమిటంటే మనకి సముద్రం ఉంది. పొద్దున అయిదున్నరకి, జనం రాకముందు, నీళ్లకి దూరంగా ఉన్న పొడి ఇసుక మీద పడితే దెబ్బ తగలదు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ పరుగు, పాసింగ్ చేసుకోవచ్చు. దిగేముందు అందరూ వరసగా నిలబడి ఆ చోటంతా ఒకసారి నడవండి, గాజు పెంకులు, గాలాలు, తెగిన వల ముక్కలు ఏరి పక్కన పడేయండి. జనవరి నుంచి వేసవి మొదలు దాకా తాబేళ్ల గుడ్లు పెట్టి కంచె కట్టిన చోట్లు ఉంటాయి, వాటి దరిదాపుల్లోకి వెళ్లొద్దు. ఆడాక ఒళ్లు కడుక్కుందామని సముద్రంలోకి దిగొద్దు, మన తీరంలో అలలు పైకి మామూలుగానే కనిపిస్తాయి కానీ కింద లాగేస్తాయి. అలిసిన కాళ్లతో అసలు వద్దు.

ఎండ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏడున్నర దాటితే ఆపేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడుకే. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్లు, ఏదో ఒకటి మనిషికి లీటరు చొప్పున ఉండాలి. ఉత్త మంచినీళ్లే తాగి చెమటంతా పోగొట్టుకుంటే పిక్కలు పట్టేస్తాయి.

మూడో అడుగు: వెనక్కి ఇవ్వడం

మొదటి వారమంతా ఇదే. విసుగొస్తుంది, అయినా ఇదే.

మనం చిన్నప్పటి నుంచి ఆడిన ఏ ఆటలోనైనా ముందున్నవాడికి బంతి ఇస్తాం. ఇక్కడ మీ కంటే ముందున్నవాడికి చేత్తో ఇస్తే తప్పు, విజిల్ పడుతుంది. బంతి కంటే ముందున్నవాడు ఆటలో లేనట్టే అని గుర్తుపెట్టుకోండి. అందుకే బంతి ఉన్నవాడు ముందుకి పరిగెడతాడు, మిగతావాళ్లు వాడికి రెండు పక్కలా కాస్త వెనగ్గా, ఎగిరే కొంగల బారులా వస్తారు. పక్కవాడు తొందరపడి ముందుకి వచ్చేశాడా, ఇక వాడికి ఇవ్వడానికి లేదు. కొత్తవాళ్ల తప్పుల్లో చాలా వరకు ఇదే, ఇచ్చేవాడి చేతిలో తప్పు ఉండదు, తీసుకునేవాడి కాళ్లలో ఉంటుంది.

నలుగురు పక్కపక్కన మూడేసి అడుగుల దూరంలో నిలబడండి, కుడివైపు వాడి కంటే పక్కవాడు ఒక అడుగు వెనక, వాడి కంటే తర్వాతివాడు ఇంకో అడుగు వెనక. నడుస్తూ బంతిని ఒక కొస నుంచి ఇంకో కొసకి పంపండి, చివరివాడికి చేరాక అందరూ సర్దుకుని మళ్లీ వెనక్కి తేవాలి. బంతిని రెండు చేతుల్తో, వేళ్లు విప్పి పట్టుకోవాలి, అరచేతికి ఆనించకూడదు. ఇచ్చేటప్పుడు పొట్ట మీదుగా చేతులు ఊపి, వేళ్లు ఎవరికి ఇస్తున్నారో వాళ్ల గుండె వైపు చూపిస్తూ వదలాలి. తీసుకునేవాడు చేతులు ముందే చాచి ఉంచాలి, బంతి వచ్చాక చాస్తే మొహానికి తగులుతుంది. టీవీలో చూసినట్టు గిర్రున తిరిగే పాస్ ఇవ్వాలని అందరికీ మొదటిరోజే కోరిక పుడుతుంది. వద్దు. తిరగని మెత్తని పాస్ పది మీటర్ల లోపు పట్టుకోవడానికి తేలిక, రెండో నెలలో చూసుకుందాం ఆ షోకులన్నీ.

నడకలో వంద పాస్‌లు కింద పడకుండా వెళ్తే జాగింగ్‌లోకి, అక్కడ యాభై వెళ్తే పరుగులోకి. పట్టుకోబోయి బంతి చేతికి తగిలి ముందుకి జారి పడితే దాన్ని నాక్ ఆన్ అంటారు, బంతి అవతలివాళ్లకి పోతుంది. అందుకే ప్రాక్టీసులో కూడా బంతి జారిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.

నాలుగో అడుగు: టచ్

పడేయడం లేకుండా, చేత్తో తాకితే పట్టుబడ్డట్టు లెక్క. దీన్నే టచ్ అంటారు, 1960ల్లో సిడ్నీలో రగ్బీ లీగ్ ఆటగాళ్లు ప్రాక్టీసు కోసం ఆడుకుంటుంటే అదే ఒక ఆటగా పెరిగింది. జట్టుకి ఆరుగురు, ఆరు టచ్‌లు, ఆరోదానికి బంతి అవతలివాళ్లకి. టచ్ పడిన చోటే ఆగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి వదలాలి. టచ్ చేసిన జట్టు మొత్తం వెనక్కి పోవాలి, మనం అయిదు పెద్ద అంగలు అనుకుందాం. చెప్పులు నాలుగు మూలలా పెడితే మైదానం రెడీ, 50 అంగలు వెడల్పు, 70 పొడవు మొదట్లో చాలు.

రెండో వారమంతా ఇది ఆడండి. ఇక్కడే మీ గుంపులో ఎవరు ఏమిటో తెలుస్తుంది. ఒకడు ఎప్పుడూ ఖాళీ ఎక్కడుందో చూస్తాడు, ఒకడు బంతి దొరగ్గానే తల దించి దూసుకుపోతాడు, ఒకడు మాట్లాడుతూనే ఉంటాడు. ఆ మాట్లాడేవాణ్ని వదులుకోకండి. "కుడి! కుడి! నేనున్నా!" అని అరిచే గొంతు లేని జట్టు కళ్లకి గంతలు కట్టుకుని ఆడినట్టే. కబడ్డీలో కూత పెట్టిన నోళ్లు ఇక్కడ పనికొస్తాయి.

అయిదో అడుగు: ట్యాకిల్

మా గుంపు మొదలుపెట్టిన కొత్తలో ఈ వరస తెలియక మొదటిరోజే పడేసుకున్నాం. మాలో గట్టి కబడ్డీ కుర్రాడు ఒకడు అలవాటు కొద్దీ ఎదురుగా వస్తున్నవాడి కాళ్లకి అడ్డంగా పడ్డాడు, తల ముందుకి పెట్టి. మోకాలు సూటిగా కణతకి తగిలింది. కాసేపు ఎక్కడున్నాడో చెప్పలేకపోయాడు. బాగానే తేరుకున్నాడు, కానీ ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. అప్పటి నుంచి ట్యాకిల్‌కి మూడో వారం దాకా చోటివ్వను.

కబడ్డీ వచ్చినవాళ్లకి బలం, ధైర్యం, సమయం చూసుకుని దూకడం అన్నీ ఉంటాయి. మార్చుకోవాల్సినవి మూడు. కబడ్డీలో రైడర్ మీ వైపు వచ్చి తిరిగి వెనక్కి పోతాడు, అందుకని వెనక నుంచి మడమ పట్టుకోవడం, తొడ పట్టుకోవడం అలవాటు. ఇక్కడ అరవై, ఎనభై కిలోల మనిషి పూర్తి పరుగులో మీ ఎదురుగా వస్తాడు. తల ఎక్కడ పెడుతున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. రెండోది, కబడ్డీలో భుజంతో గుద్ది గీత బయటికి తోసేసే డాష్ ఉంది కదా, ఇక్కడ చేతులు చుట్టకుండా భుజంతో గుద్దడం నిషేధం. మూడోది, మెడకీ తలకీ చెయ్యి తగలకూడదు, కాలు అడ్డం పెట్టి పడేయకూడదు, ఎత్తి తలకిందులుగా పడేస్తే మ్యాచ్ నుంచి పంపేయొచ్చు కూడా.

సరే, ఇసుక మీదికి రండి. ఇద్దరూ మోకాళ్ల మీద ఎదురెదురుగా. ట్యాకిల్ చేసేవాడు ఎదుటివాడి మొహం వైపు కాకుండా నడుము వైపు చూడాలి, మొహంతో మోసం చేయొచ్చు, నడుము ఎటు పోతే మనిషి అటే పోతాడు. కుడి భుజం వాడాలనుకుంటే, తల ఎదుటివాడి పిరుదు పక్కన, చెంప వాడి ఒంటికి అంటుకుపోయి ఉండాలి. తల వాడి ముందు ఉండకూడదు, పొట్టకి అడ్డంగా ఉండకూడదు, పడేటప్పుడు వాడి కింద పడకూడదు. "తల వెనక" అని ప్రతిసారీ పైకి అనండి, చిన్నపిల్లల్లా అనిపించినా సరే. భుజం వాడి తొడకీ నడుముకీ మధ్య ఆనాలి, వెంటనే రెండు చేతులూ చుట్టి, బిందె పట్టుకున్నట్టు గట్టిగా దగ్గరికి లాక్కోవాలి. కళ్లు మూసుకోవద్దు. మూసుకుంటే తల కిందికి దిగిపోతుంది, మెడకి ప్రమాదం అక్కడే.

ఇలా మోకాళ్ల మీద చెరో ఇరవై, రెండు భుజాలతోనూ. కుడి ఒక్కటే బాగా వస్తే అవతలివాడు ఎడమవైపే వస్తాడు. మర్నాడు బంతి ఉన్నవాడు నిలబడి నడుస్తూ వస్తాడు, మీరు మోకాళ్ల మీద. ఇంకో రెండు రోజుల తర్వాత ఇద్దరూ నిలబడి, వాడు నడుస్తూ. ఇక్కడ పాదం సంగతి వస్తుంది, కుడి భుజం అయితే కుడి పాదం వాడి పాదానికి దగ్గరగా వేయాలి, దూరం నుంచి దూకితే చేతులు మాత్రమే తగిలి జారిపోతాయి. ఆ తర్వాతే జాగింగ్. పూర్తి పరుగు ఈ నెలలో వద్దు.

పడేవాడికీ ఒక పద్ధతి ఉంది. గెడ్డం గుండెకి ఆనించి, బంతిని రెండు చేతుల్తో పసిపిల్లని హత్తుకున్నట్టు పెట్టుకుని, పక్కకి దొర్లుతూ పడాలి. చెయ్యి చాచి నేల మీద ఆనుకోబోతే మణికట్టు పోతుంది.

తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా చాలు, వాడు ఆరోజుకి ఆపేయాలి. "ఏం కాలేదురా, ఆడతాను" అంటాడు, వినొద్దు. వాంతి, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం కనిపిస్తే నేరుగా హాస్పిటల్‌కి, బండి వాణ్ని నడపనివ్వకుండా తీసుకెళ్లండి. ఎన్‌ఆర్‌ఎల్‌లో డబ్బు తీసుకుని ఆడేవాళ్లనే కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని తేలితే మామూలుగా కనీసం 11 రోజులు పక్కన కూర్చోబెడుతున్నారు. వాళ్ల పక్కన రోజూ డాక్టర్లు ఉంటారు, మనకి లేరు, కాబట్టి మనం మూడు వారాలు అనుకుందాం, డాక్టర్ సరే అన్నాకే.

ఆరో అడుగు: పడ్డాక ఏం చేయాలి, ఎలా నిలబడాలి

నాలుగో వారం. బంతి పట్టుకున్నవాడి ఒంటి మీద చెయ్యి ఉండగా వాడు నేల మీద పడితే, లేదా నిలబడే ఉన్నా ఇక కదల్లేని స్థితి వస్తే రిఫరీ "హెల్డ్" అంటాడు. అక్కడితో ట్యాకిల్ చేసినవాడు వదిలేసి లేవాలి. పడ్డవాడు లేచి బంతిని నేల మీద పెట్టి, కాలి అడుగుతో వెనక్కి దొర్లించాలి. వాడి ఎదురుగా ఇద్దరు మార్కర్లు నిలబడొచ్చు, ఒకరి వెనక ఒకరు. మిగతా డిఫెన్స్ మొత్తం 10 మీటర్లు వెనక్కి పోవాలి. పోయి, బంతి కదలగానే మళ్లీ ముందుకి రావాలి. పోయి, రావాలి. ఆరుసార్లు. రగ్బీ లీగ్‌లో ఊపిరి తీసేది గుద్దుకోవడం కాదండి, ఈ వెనక్కి పది, ముందుకి పది. దీన్ని బంతి లేకుండా కూడా ప్రాక్టీసు చేయొచ్చు, పడుకుని లేచి పది మీటర్లు వెనక్కి, మళ్లీ ముందుకొచ్చి పడుకోవడం, ఆరుసార్లు ఒక సెట్. మూడు సెట్లు చేయగలిగితే మీరు మ్యాచ్‌కి తయారు.

ముందుకి వచ్చేటప్పుడు అందరూ ఒకే గీతలో రావాలి. మన తీరంలో అలివి వల లాగడం చూసే ఉంటారు. తాడు రెండు కొసలూ పట్టుకున్నవాళ్లు ఒకే వేగంతో లాగుతారు, ఒక వైపు వెనకబడితే వల వంకర తిరిగి చేప జారిపోతుంది. డిఫెన్స్ సరిగ్గా అలాగే. ఒకడు ఉత్సాహపడి ముందుకి దూకితే వాడి పక్కన గుమ్మం తెరిచినట్టే, బంతి అక్కడి నుంచే దూరుతుంది. "పైకి... పైకి... ఆగు" అని మధ్యలో ఉన్నవాడు చెప్పాలి, మిగతావాళ్లు వాడి భుజాన్ని ఓరకంట చూస్తూ రావాలి. కబడ్డీలో గొలుసు కట్టే డిఫెండర్లకి ఇది చెప్పనక్కర్లేదు, చేతులు పట్టుకోరు, అంతే తేడా.

ఏడో అడుగు: ఎవరు ఎక్కడ

జెర్సీ అంకె చూస్తే స్థానం తెలుస్తుంది. బరువుగా, మొండిగా ఉండేవాళ్లు 8, 10, వాళ్లు ప్రాప్‌లు, గుంపులోకి దూసుకెళ్లి పదేసి మీటర్లు సంపాదిస్తారు. 9 హుకర్, వెనక్కి దొర్లిన బంతిని ఎక్కువగా తీసేది వాడే, ప్రతి ట్యాకిల్ తర్వాతా ఎటు ఇవ్వాలో తేల్చేది కూడా వాడే, కాబట్టి అలుపు తెలియనివాణ్ని పెట్టండి. 11, 12 సెకండ్ రో, 13 లాక్. 7 హాఫ్‌బ్యాక్, 6 ఫైవ్ ఎయిత్, ఆట నడిపే బుర్రలు, మీ ఫుట్‌బాల్ కుర్రాడు తన్నగలిగితే 7 వాడికే. 3, 4 సెంటర్లు, 2, 5 వింగర్లు, వేగం ఉన్నవాళ్లు. 1 ఫుల్‌బ్యాక్, అందరికంటే వెనక నిలబడి పైనుంచి వచ్చే బంతి పట్టుకుని, గీత దగ్గర చివరి ట్యాకిల్ చేసేవాడు. క్రికెట్‌లో ఎత్తు క్యాచ్‌లు వదలనివాణ్ని అక్కడ పెట్టండి.

పదమూడు మంది లేకపోతే దిగులు పడొద్దు, తొమ్మిదేసి మందితో, సగానికి 9 నిమిషాలు చొప్పున ఆడే నైన్స్ కూడా ఉంది. మన ఎండకి అదే సరిపోతుందని నా అభిప్రాయం.

ఎనిమిదో అడుగు: మొదటి మ్యాచ్

నెలాఖరు ఆదివారం పెట్టుకోండి. ట్యాకిల్‌లో తల వెనక పెట్టడం ఇంకా రానివాళ్లు ఉంటే మొహమాటం లేకుండా చెప్పి ఆరోజు కూడా టచ్ ఆడించండి, వాళ్లే నీళ్లు, లెక్క చూసుకోవచ్చు. రిఫరీగా మీలో అందరూ మాట వినేవాణ్ని పెట్టండి, మంచి ఆటగాడు కాకపోయినా పర్లేదు. వాడి పని నాలుగే: ట్యాకిల్ లెక్క గట్టిగా అరవడం, "హెల్డ్" అనడం, పది మీటర్ల గీత దగ్గర నిలబడి వెనక్కి రానివాళ్లని పట్టుకోవడం, మెడ పైకి చెయ్యి వెళ్తే ఎవరైనా సరే బయటికి పంపడం. మొదటి మ్యాచ్‌లో ట్యాకిల్ నడుము దగ్గర లేదా కిందే అని నిబంధన పెట్టుకోండి. రెండు జట్లవాళ్లూ వంగి భుజాలు కలిపి గుమిగూడే స్క్రమ్ వద్దు, నాక్ ఆన్ అయితే బంతి అవతలివాళ్లకి ఇచ్చేసి ఆట నడిపించండి.

ఒకరి దగ్గర ఫస్ట్ ఎయిడ్ సంచి ఉండాలి, ఒకరి బండి గేటు దగ్గరే సిద్ధంగా ఉండాలి, దగ్గరలో ఏ హాస్పిటల్‌లో ఆదివారం పొద్దున కూడా డాక్టర్ ఉంటారో ముందురోజే అడిగి పెట్టుకోవాలి. అవన్నీ అయ్యాక టాస్ వేయండి, ఓడినవాళ్లు మధ్య గీత మీద మడమతో ఇసుకని కాస్త గుంట చేసి, బంతిని అందులో నిలబెట్టి తన్నేయడమే.